ఒక్క గడి తేడా

నింటెండో 1985లో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో చిన్న మారియోకి దక్కిన చోటు అడ్డంగా 16 గడులు, నిలువుగా 16 గడులు. మొత్తం 256. అంతకు నాలుగేళ్ల ముందు, డాంకీ కాంగ్ ఆట కోసం ఆ పాత్రను తీర్చిదిద్దినప్పుడు షిగేరు మియమోటోకు ఎదురైన చిక్కు ఈ ఇరుకే. జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టారు. నోరు చూపించే వీల్లేక ముక్కు కింద మీసం పెట్టారు. ప్రపంచంలో కోట్ల మంది గుర్తుపట్టే ముఖం అలా గడుల కరువులోంచి పుట్టింది.

ఫోన్‌తో తీసిన ఫొటోలో కోటికి పైగా పిక్సెళ్లుంటాయి. వాటిలో ఒకటి పక్కకు జరిగితే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. 256 గడుల బొమ్మలో ఒకటి జరిగితే మాత్రం కన్ను మెల్లదవుతుంది, చేయి విరుగుతుంది. తప్పు దాక్కోవడానికి అక్కడ చోటే లేదు. అందుకే పిక్సెల్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా, దాన్ని రాసేవాళ్లకు పని ఎప్పటికీ తెమలదు. పిక్సెలోరమా, లిబ్రెస్‌ప్రైట్, గ్రాఫ్‌ఎక్స్2 లాంటి ఓపెన్ సోర్స్ ఎడిటర్లు కొత్త వెర్షన్ తెచ్చినప్పుడల్లా చేర్పులు, సవరణల జాబితా ఒకటి విడుదల చేస్తాయి. గీత సరిచేశాం, తిప్పడం మెరుగుపరిచాం, జిఫ్ వేగం సవరించాం అంటూ సాగే ఆ పొడి వాక్యాలను చాలామంది చదవరు. కానీ ఒక్కో వాక్యం వెనక ఒక్కో లెక్క ఉంటుంది. ఆ లెక్కల్లో కొన్నింటికి అసలు సరైన జవాబే లేదు.

ఇంటి కప్పు ఎందుకు వంకర పోయింది?

అన్నిటికన్నా తేలికైన పనితో మొదలుపెడదాం. రెండు బిందువుల మధ్య తిన్నని గీత గీయాలి. కాగితం మీద స్కేలు చాలు. గడుల మీద తిన్నని గీత అంటూ ఉండదు, మెట్లే ఉంటాయి. ఏ గడి దగ్గర మెట్టు ఎక్కాలన్నదే ప్రశ్న.

ఐబీఎంలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో దీనికి దారి చూపించారు. అప్పట్లో ఆయన ముందున్నది తెర కాదు, కంప్యూటర్ చెప్పినట్టు కాగితం మీద గీతలు గీసే ప్లాటర్ యంత్రం. దశాంశాల లెక్కలు ఆ కాలపు యంత్రాలకు భారం. బ్రెసెన్‌హామ్ పద్ధతికి పూర్ణాంకాల కూడికలు, తీసివేతలు చాలు. ఒక్కో అడుగు పక్కకు వేస్తూ, అసలు గీతకూ మనం ఉన్న గడికీ మధ్య తేడాను పోగు చేసుకుంటూ పోతాం. ఆ తేడా సగం గడికి చేరగానే ఒక మెట్టు ఎక్కుతాం. ఇప్పటికీ చాలా ఎడిటర్లలో గీత గీసే పనిముట్టు లోపల నడిచేది ఇదే.

ఒక ఇంటి కప్పు గీద్దాం. ఎడమ చూరు నుంచి కొప్పు దాకా 8 గడులు పక్కకు, 3 గడులు పైకి. ఒక్కో అడుగుకు ఎత్తు 0.375 చొప్పున పెరగాలి. రెండో అడుగుకు 0.75, అంటే దగ్గరి పూర్ణాంకం 1. నాలుగో అడుగుకు సరిగ్గా 1.5. ఇక్కడొస్తుంది పేచీ. ఒకటికి ఎంత దూరమో రెండుకూ అంతే దూరం. సగం వస్తే ఎక్కాలన్నది మన నియమం కాబట్టి రెండుకు ఎక్కుతాం. చూరు నుంచి చూస్తే మెట్ల వెడల్పులు 2, 2, 3, 2 అని వస్తాయి.

ఇప్పుడు కుడివైపు. మౌస్‌ను కొప్పు మీంచి ఎత్తకుండా అలాగే కిందికి లాగాం. లెక్క కొప్పు దగ్గర మొదలైంది. నియమం అదే కాబట్టి మెట్లు 2, 2, 3, 2 అనే వస్తాయి, కానీ కొప్పు నుంచి. చూరు వైపు నుంచి లెక్కపెడితే 2, 3, 2, 2. రెండు వాలులూ అద్దంలో బింబంలా కలవవు. ఫొటోలో ఇది ఎవరికీ అక్కర్లేని తేడా. 17 గడుల వెడల్పున్న కప్పులో మాత్రం ఇల్లు ఒరిగినట్టే కనిపిస్తుంది.

బొమ్మ వేసేవారు ఈ బగ్‌ను తెలియజేస్తారు. ప్రోగ్రామరు ఆలోచిస్తాడు: ఏ వైపు నుంచి గీసినా లెక్కను ఎడమ కొస నుంచే మొదలుపెడితే సరిపోతుంది కదా! దాంతో ఒక మేలు జరుగుతుంది. ఒకే గీత ఏ దిశలో గీసినా ఒకేలా వస్తుంది. కప్పు మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే కుడి వాలుకు ఎడమ కొస కొప్పే. సరే, కింది కొస నుంచి మొదలుపెడదాం. ఇప్పుడు రెండు వాలులూ చూరు నుంచే మొదలవుతాయి, కప్పు కుదిరింది. అంతలో ఇంకొకరు వజ్రం ఆకారం గీస్తారు. దాని పైసగం పక్క మూలల నుంచి మొదలవుతుంది, కిందిసగం అడుగు కొస నుంచి. పైసగం, కిందిసగం ఒకదానికొకటి బింబాలు కావు. ఒకరి ఇల్లు నిలబెడితే మరొకరి వజ్రం వంకరపోయింది.

ఇక్కడ గణితం చేతులెత్తేస్తుంది. సరిగ్గా సగం దగ్గర పైకి వెళ్లాలా కిందికి వెళ్లాలా అన్నదానికి నిజమైన జవాబు లేదు. నలుగురూ కూర్చుని ఒప్పుకున్న జవాబు మాత్రమే ఉంది. ఓపెన్ సోర్స్ ఎడిటర్లలో సవరణ అని రాసి ఉన్న వాటిలో చాలా భాగం ఇలాంటి ఒప్పందాలే.

తిప్పితే చెదిరే బొమ్మ

కత్తి పట్టిన వీరుడి బొమ్మను 30 డిగ్రీలు తిప్పాలి. మామూలు ఫొటో ఎడిటరైతే పక్కపక్క పిక్సెళ్ల రంగులను కలిపి సగటు తీస్తుంది. అంచులు నునుపుగా వస్తాయి. పిక్సెల్ బొమ్మకు అది విషం. నాలుగు రంగులతో గీసిన బొమ్మలోకి ఎవరూ ఎంచుకోని రంగులు పదులకొద్దీ చొరబడతాయి. పోనీ రంగులు కలపకుండా దగ్గరున్న గడినే తీసుకుందామంటే, ఒక గడి మందం ఉన్న కత్తి అక్కడక్కడ తెగుతుంది, ఇంకోచోట లావవుతుంది.

దీనికి పరిష్కారం ఆటల లోకం నుంచే వచ్చింది. లూకాస్‌ఆర్ట్స్‌లో ఎరిక్ జాన్‌స్టన్ 1992లో, తమ పాత ఆటలను మ్యాకింటోష్ తెర మీదికి తేవడానికి, బొమ్మను రెండింతలు చేసే ఉపాయం ఒకటి రాశారు. 2001లో ఆండ్రియా మాజ్జోలెనీ అదే ఫలితమిచ్చే పద్ధతిని స్కేల్2ఎక్స్ పేరుతో విడిగా కనిపెట్టారు. ఒక గడిని నాలుగు చిన్న గడులుగా చీలుస్తారు. ప్రతి చిన్న గడీ తనను ఆనుకున్న ఇద్దరు పొరుగువాళ్ల వైపు చూస్తుంది. ఉదాహరణకు పై ఎడమ మూలది పైగడినీ ఎడమగడినీ చూస్తుంది. ఆ రెండూ ఒకే రంగైతే, మిగతా రెండు పక్కలా ఆ రంగు లేకపోతే, ఆ రంగునే తానూ తీసుకుంటుంది. లేకుంటే పాత రంగులోనే ఉండిపోతుంది. కొత్త రంగు ఎక్కడా పుట్టదు. మెట్లు మాత్రం నునుపు తేలతాయి.

సోనిక్ ఆటల అభిమానుల మధ్య 2007లో పుట్టిన రాట్‌స్‌ప్రైట్ అనే తిప్పే పద్ధతి ఈ మెట్టు మీద నిలబడింది. ఇదే తరహా పెంపును మూడుసార్లు వరసగా చేసి బొమ్మను ఎనిమిదింతలు చేస్తుంది. పెద్దదాన్ని తిప్పి, మళ్లీ అసలు కొలతకు కుదిస్తుంది. 64 గడుల చదరపు బొమ్మలో 4,096 గడులుంటే, పెంచాక అవి 2,62,144. ఒక చిన్న కత్తిని తిప్పడానికి కంప్యూటర్ చాటున ఇంత మోత మోస్తుందన్నమాట. బొమ్మ పెద్దదైన కొద్దీ తిప్పడం నెమ్మదించడానికి కారణమూ ఇదే. అందుకే పిక్సెలోరమా లాంటి ఎడిటర్లు తిప్పే పద్ధతులు ఒకటికి నాలుగు అందుబాటులో పెట్టి, ఎంపిక బొమ్మ వేసేవారికే వదిలేస్తాయి.

రంగు కాదు, రంగు నంబరు

పోచంపల్లి ఇక్కత్ డిజైన్‌ను ముందుగా గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా గీసుకుని, దాన్నిబట్టి నూలు ముడులు కట్టి రంగు అద్దుతారు. ఆ కాగితం మీద ఉన్నది అసలు రంగు కాదు, ఏ గడికి ఏ రంగు పడాలన్న సూచన. ఎరుపు బదులు నీలం అద్దితే అదే డిజైన్ వేరే చీర అవుతుంది. పాత ఆటల బొమ్మలూ ఈ పద్ధతిలోనే నిల్వ ఉండేవి. ప్రతి గడిలో ఒక నంబరు, పక్కన నంబర్లకు రంగుల పట్టిక. సూపర్ మారియో బ్రదర్స్‌లో లుయీజీకి విడిగా బొమ్మ లేదు. మారియో బొమ్మకే పట్టిక మార్చారు. ఆ ఆటలో పొదలు, మేఘాలు కూడా ఒకే ఆకారం: పచ్చ వేస్తే పొద, తెలుపు వేస్తే మేఘం.

ఈ పద్ధతిని ఇండెక్స్‌డ్ మోడ్ అంటారు. 1985లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అమిగా కంప్యూటర్ కోసం తెచ్చిన డీలక్స్ పెయింట్‌ది ఈ దారే. దాన్ని ఆదర్శంగా తీసుకున్న గ్రాఫ్‌ఎక్స్2 నేటికీ దీన్ని వదల్లేదు. పిక్సెలోరమా మాత్రం ప్రతి గడికీ పూర్తి రంగును దాచే పద్ధతితో మొదలై, 2024లో 1.0 వెర్షన్ వచ్చిన తర్వాత ఇండెక్స్‌డ్ మోడ్‌ను చేర్చుకుంది.

చేర్చడం అంటే ఒక మీట పెట్టడం కాదు. పట్టికలో అయిదో రంగును ఎవరో తీసేశారనుకోండి. ఆ నంబరున్న గడులు ఏమవ్వాలి? ఖాళీ అవ్వాలా, దగ్గరి రంగుకు మారాలా? ఆరు, ఏడు, ఎనిమిది ఒక్కో మెట్టు కిందికి దిగితే బొమ్మ మొత్తం రంగులు తారుమారవుతాయి. దిగకపోతే పట్టికలో బొక్క మిగులుతుంది. రంగుల వరస మార్చినా, వేరే పట్టిక తెచ్చినా, రెండు బొమ్మలను కలిపినా మళ్లీ ఇవే ప్రశ్నలు. ఒక్క చేర్పు వెంట పది సవరణలు రావడం ఈ రంగంలో మామూలే.

పారదర్శకమైన గడుల కథ ఇంకా చిత్రం. పూర్తి రంగు పద్ధతిలో ప్రతి గడికీ నాలుగు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది ఎంత కనిపించాలన్నది. నాలుగోది సున్నా అయితే గడి కనిపించదు. మిగతా మూడు అంకెలు మాత్రం లోపల అలాగే ఉండొచ్చు. కనిపించని నలుపు, కనిపించని తెలుపు కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. కోడ్ నాలుగు అంకెలనూ గుడ్డిగా పోలిస్తే, ఖాళీ నేపథ్యంలో రంగు నింపినప్పుడు అది మధ్యలో కారణం లేకుండా ఆగిపోతుంది. అక్కడెప్పుడో తెల్లగా గీసి చెరిపిన గీత ఉంటుంది. కళాకారుడి కంటికి అది లేదు, కోడ్ కంటికి అది గోడ.

జిఫ్‌లో పోయిన 40 మిల్లీసెకన్లు

బొమ్మలను వరసగా ఆడించి జిఫ్‌గా దాచుకోవడం పిక్సెల్ కళలో నిత్యకృత్యం. 1987లో కంప్యుసర్వ్ సంస్థ తెచ్చిన ఈ ఫైలు పద్ధతి ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో సెకనులో వందో వంతుల్లోనే రాసుకుంటుంది. అంతకన్నా సన్నని కొలత దానికి తెలియదు.

సెకనుకు 12 బొమ్మలు ఆడాలి. ఒక్కోదానికి 83.33 మిల్లీసెకన్లు. జిఫ్‌లో రాయగలిగింది 80 లేదా 90. దగ్గరిదని అన్నిటికీ 80 రాస్తే 12 బొమ్మలూ 960 మిల్లీసెకన్లకే అయిపోతాయి. సెకనుకు 40 మిల్లీసెకన్లు గల్లంతు. ఒక చుట్టుకు తెలియదు. పాటకు తగ్గట్టు అడుగులేసే బొమ్మ అయితే, పాతిక సెకన్లలో పూర్తి సెకను ముందుకెళ్లిపోతుంది.

మందు చాలా చిన్నది. మిగిలిన తేడాను పారేయకుండా తర్వాతి బొమ్మకు బదిలీ చేయాలి. 80, 80, 90 అని వరసగా రాస్తే మూడు బొమ్మలకు 250 మిల్లీసెకన్లు, లెక్క సరిగ్గా సరి. ఇంతకుముందు బ్రెసెన్‌హామ్ గీత కోసం చేసిందీ ఇదే: తేడాను పోగు చేసుకుంటూ పోయి, అది సగం గడికి చేరగానే మెట్టు ఎక్కడం. జాగాలో పనిచేసిన ఉపాయం కాలంలోనూ పనిచేసింది. కోడ్ చదివేవాళ్లకు ఇలాంటి చుట్టరికాలు తరచూ కనిపిస్తాయి.

బగ్‌ను పట్టే పద్ధతి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో సవరణ ఒక ఫిర్యాదుతో మొదలవుతుంది. ‘పనిచేయట్లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏం నొక్కితే ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు అనేవి ఉండాలి. బగ్‌ను తన కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించగలిగిన ప్రోగ్రామరుకు సగం పని అయిపోయినట్టే.

మిగతా సగంలో ఒక చక్కని గణితం ఉంది. కిందటి వెర్షన్‌లో బాగున్న గీత ఈ వెర్షన్‌లో చెడింది. మధ్యలో కోడ్‌కు వెయ్యి మార్పులు జరిగాయి. ఏది చెడగొట్టింది? గిట్ అనే పనిముట్టులో ప్రతి మార్పూ తేదీతో సహా భద్రంగా ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఉన్న మార్పు దగ్గరికి వెళ్లి పరీక్షిస్తారు. అప్పటికి బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉన్నట్టు, లేకుంటే ముందరి సగంలో ఉన్నట్టు. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే వెయ్యి మార్పుల్లో దోషిని పట్టడానికి పది పరీక్షలు చాలు. ఎందుకంటే రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1,024 వస్తుంది.

దొరికాక సవరణ రాసి, అందరికీ కనిపించేలా ప్రతిపాదిస్తారు. ఇతరులు వరసవరసగా చదివి ప్రశ్నిస్తారు. ఇల్లు బాగుపడితే వజ్రం చెడుతుందా అని అడిగేది అక్కడే. కొన్నిసార్లు మూడు వరసల సవరణకు ముప్పై వ్యాఖ్యలు పడతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంటుంది, కానీ ఆ ఎలుక పంటనంతా కొరుకుతున్నదే.

కళ్ల ముందు కనిపించని సవరణలూ ఉంటాయి. వెనక్కి తీసుకునే అండూ మీటనే చూడండి. ప్రతి కుంచె వేటుకూ బొమ్మ మొత్తాన్ని దాచుకోవడం తేలిక. కానీ 1,024 గడుల చదరపు కాన్వాస్‌కు గడికి నాలుగు బైట్ల చొప్పున 4 మెగాబైట్లు కావాలి. వంద అడుగులు గుర్తుపెట్టుకోవాలంటే 400. మారిన ముక్కను మాత్రమే దాచుకుంటే కిలోబైట్లతో సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్ మీద బొమ్మలేసే విద్యార్థికి, ఎడిటర్ నడవడానికీ మధ్యలో ఆగిపోవడానికీ తేడా ఇదే.

కోడ్ కనిపిస్తే చాలదు

ఈ రంగంలో ఓపెన్ సోర్స్ అనే మాటకు గట్టి పరీక్ష 2016లో వచ్చింది. అర్జెంటీనా ప్రోగ్రామరు డేవిడ్ కపెల్లో 2001లో మొదలుపెట్టిన ఎస్‌ప్రైట్ అనే పిక్సెల్ ఎడిటర్ అప్పటిదాకా జీపీఎల్ లైసెన్సు కింద ఉండేది. ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. 2016లో దాని లైసెన్సు మారింది. కోడ్ ఇప్పటికీ బహిరంగంగా కనిపిస్తుంది, సొంతానికి కంపైల్ చేసుకోవచ్చు. తయారైన ప్రోగ్రామును ఇతరులకు పంచే హక్కు మాత్రం పోయింది. ఏళ్ల తరబడి ఒక పనిముట్టును సాకుతున్నవారు దానిమీద బతకాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఒకసారి జీపీఎల్ కింద విడుదలైన కోడ్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ చివరి స్వేచ్ఛా రూపం నుంచి కొందరు లిబ్రెస్‌ప్రైట్ అనే కొత్త పాయ తీశారు. అప్పటినుంచి రెండూ వేర్వేరు దారుల్లో ప్రవహిస్తున్నాయి. ఒకదాంట్లో జరిగిన సవరణ రెండోదాంట్లోకి దానంతట అది రాదు.

గ్రీసుకు చెందిన ఒరామా ఇంటరాక్టివ్ 2019లో మొదలుపెట్టిన పిక్సెలోరమాది మరో దారి. ఎంఐటీ లైసెన్సు కాబట్టి ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. విశేషం ఏమిటంటే, ఆటల బొమ్మలు గీసే ఈ ఎడిటర్‌ను గోడో అనే ఆటల ఇంజన్ మీదే కట్టారు. విండోస్, లినక్స్, మ్యాక్, బ్రౌజర్ అన్నిటిమీదా నడిచే గుణం దానివల్ల తేలిగ్గా వచ్చింది. అదే సమయంలో ఇంజన్‌లో దోషం ఉంటే అది ఎడిటర్ దోషంగా బయటపడుతుంది. ఇంజన్ పెద్ద వెర్షన్ మారితే ఎడిటర్ పునాది కదులుతుంది. గోడో 3 నుంచి గోడో 4కు మారడానికి పిక్సెలోరమా రాసేవాళ్లు కోడ్‌ను విస్తారంగా తిరగరాయాల్సి వచ్చింది. 1.0 వెర్షన్ ఆ శ్రమ ఫలితమే.

లక్ష్మి పేరు రాయాలంటే

ఆ పునాది మార్పులో తెలుగువారికి నేరుగా అందిన లాభం ఒకటుంది. ‘లక్ష్మి’ అని కంప్యూటర్‌లో టైపు చేస్తే లోపల ఏడు సంకేతాలు పడతాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని ఉన్నవి ఉన్నట్టు వరసగా పేరిస్తే పేరు ముక్కలవుతుంది. గుడి క తల మీదికి ఎక్కాలి, ష దాని కిందికి దిగాలి, మ వత్తుగా మారాలి. ఏ సంకేతం ఎక్కడ కూర్చోవాలో తేల్చే ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంది. గోడో 3లో ఈ ఏర్పాటు లేదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో ఉంది. దాంతో ఆ ఇంజన్ మీద కట్టిన ఏ సాఫ్ట్‌వేరుకైనా, తెలుగు ఉన్న ఫాంటు తోడైతే, ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా చూపే శక్తి వచ్చింది. పిక్సెలోరమా రాసేవాళ్లు తెలుగును దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాదది. కింది అంతస్తులో ఎవరో చేసిన మరమ్మతు పై అంతస్తులో మన భాషకు పనికొచ్చింది.

అయినా పిక్సెల్ అక్షరాల సమస్య మిగిలే ఉంది. ఇంగ్లిష్ అక్షరం 5 గడుల వెడల్పు, 7 గడుల ఎత్తులో హాయిగా ఒదుగుతుంది. ‘క్ష్మి’కి తలకట్టు స్థానంలో గుడి, నడుమ అక్షరం, అడుగున వత్తులు కావాలి. 8 గడుల ఎత్తులో అది చుక్కల ముద్దే. మామూలు ఫాంటును చిన్నది చేసి పెడదామంటే అంచుల్లో బూడిద రంగు గడులు చేరతాయి, బొమ్మ మసకబారుతుంది. తెలుగులో ఆటలు తయారుచేసేవారికి కావాల్సింది, ప్రతి వత్తునూ చేత్తో గడిగడిగా తీర్చిన తెలుగు పిక్సెల్ ఫాంట్లు. అది ప్రోగ్రామర్ల కన్నా అక్షరాలు గీసే చేతులకు పని.

అలాంటి చేతులకు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఎప్పుడూ చోటుంటుంది. కోడ్ రాయడం రాకపోయినా మెనూలను తెలుగు చేయొచ్చు, వివరంగా బగ్ రాయొచ్చు, తెలుగు అక్షరం ఎక్కడ తెగుతోందో తెర చిత్రంతో చూపించొచ్చు. కోడ్ వచ్చిన విద్యార్థి కొత్త హంగులు చేరుస్తానని బయలుదేరకుండా, చేర్పుల జాబితాలో అతి చిన్న సవరణను పట్టుకుని, దాని వెనకున్న వాదనలన్నీ చదవడం మంచి ఆరంభం.

మూసిన సాఫ్ట్‌వేర్‌లోనూ సగం గడి దగ్గర ఎటు తిరగాలో ఎవరో ఒకరు నిర్ణయించే ఉంటారు. ఆ నిర్ణయం మనకు ఫలితంగా మాత్రమే అందుతుంది, నచ్చకపోతే సర్దుకుపోవాలి. ఓపెన్ సోర్స్‌లో దాని కారణం తేదీతో, వాదనతో, ఓడిన వాదనతో కూడా నిలిచి ఉంటుంది. రేపు ఎవరైనా కొత్త ఉదాహరణ పట్టుకొస్తే ఆ ఒప్పందాన్ని మళ్లీ తెరవొచ్చు. ఈ ఎడిటర్లకు తుది వెర్షన్ అంటూ రాకపోవడానికి అసలు కారణం బగ్‌లు తరగకపోవడం కాదు. ఒక్క గడి ఎక్కడ ఉండాలన్న విషయంలో మాట్లాడే హక్కు ఇంకా అందరికీ ఉండడం.